దౌత్యవేత్త జీవితాన్ని చెప్పిన ఆఫ్రికా పాఠాలు: తిరుపతిలోని ఒక కోర్సుపై సమీక్ష

తిరుపతి బాలాజీ కాలనీ చుట్టుపక్కల సివిల్స్ శిక్షణ కేంద్రాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలాచోట్ల అంతర్జాతీయ సంబంధాలంటే అమెరికా, చైనా, పాకిస్థాన్ అనే మూడు అధ్యాయాలే. 54 దేశాల ఆఫ్రికా ఖండం చివరి వారంలో, సమయం మిగిలితే, రెండు పుటల నోట్సుగా వస్తుంది. అలాంటి వాతావరణంలో ఒక చిన్న కేంద్రం విదేశాంగ సేవనూ, అందులో ప్రత్యేకంగా ఆఫ్రికా వ్యవహారాలనూ విషయంగా తీసుకొని ఎనిమిది వారాల కోర్సు నడుపుతున్నదని తెలిసి అందులో చేరాను. నేను డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెబుతాను. పరీక్ష కోసం కాకుండా, నా పాఠం బాగుపడుతుందన్న ఆశతో చేరినవాణ్ణి కాబట్టి ఈ సమీక్షను ఆ దృష్టితోనే చదవాలి. కోర్సు పూర్తయ్యాక నా అభిప్రాయం ఇది: దౌత్యవేత్త రోజూ చేసే పని ఏమిటో ఇంత స్పష్టంగా చెప్పిన తరగతిని నేను మన ప్రాంతంలో ఇంతవరకు చూడలేదు, అయినా ఇందులో సరిదిద్దుకోవలసిన లోపాలున్నాయి, వాటిలో ఒకటి నన్ను నిజంగా బాధపెట్టింది.

తరగతులు శని, ఆదివారాల్లో సాయంత్రం జరుగుతాయి. మేడమీద హాలులో ముప్పై మంది వరకు కూర్చోవచ్చు. గాలి, వెలుతురు, మంచినీళ్ల విషయంలో ఫిర్యాదు లేదు. పాఠం చెప్పేది భారత విదేశాంగ సేవలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక తెలుగు అధికారి. ఆయన ఉద్యోగకాలంలో పెద్ద భాగం ఆఫ్రికా రాజధానుల్లోనే గడిచింది. ఆయన తన గొప్పలు చెప్పుకోరు, వదంతులు చెప్పరు; ఎవరైనా తెరవెనుక కథల కోసం ప్రశ్నలు వేస్తే సున్నితంగా విషయం వైపు తిప్పుతారు. ఈ పద్ధతి మొదట్లో కొందరు విద్యార్థులకు చప్పగా అనిపించింది. నాకు మాత్రం ఆ నిగ్రహమే ఆయన వృత్తి గురించిన మొదటి పాఠంలా తోచింది.

మొదటి రెండు వారాలు ఉద్యోగ క్రమాన్ని చెబుతాయి. యూపీఎస్సీ పరీక్షలో ఎంపికైన అభ్యర్థి ముస్సోరీలో పునాది శిక్షణ పొంది, ఢిల్లీలోని సుష్మా స్వరాజ్ విదేశీ సేవా సంస్థకు వస్తాడు. తర్వాత అతనికి ఒక విదేశీ భాషను కేటాయించి, ఆ భాష మాట్లాడే దేశానికి థర్డ్ సెక్రటరీగా పంపుతారు. భాషా పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖరారవుతుంది. ఆపైన సెకండ్ సెక్రటరీ, ఫస్ట్ సెక్రటరీ, కౌన్సెలర్, మినిస్టర్, రాయబారి అనే మెట్లు. ఢిల్లీలో ఉన్నప్పుడు అండర్ సెక్రటరీ నుంచి సెక్రటరీ దాకా మరో వరుస. ఇదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆయన చెప్పిన తీరులో ప్రత్యేకత ఏమిటంటే, ప్రతి మెట్టు దగ్గరా అక్కడి మనిషి ఉదయం తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చొని ఏం చేస్తాడో చెప్పడం. ఫ్రెంచి నేర్చుకున్న అధికారికీ, పోర్చుగీసు నేర్చుకున్న అధికారికీ ఆఫ్రికాలో దారులు ఎలా చీలిపోతాయో కూడా వివరించారు. పోర్చుగీసు వచ్చినవారికి అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్డే, గినీ బిస్సావ్, సావ్ టోమే తలుపులు తెరుచుకుంటాయి. ఇరవై అయిదేళ్ల వయసులో కేటాయించిన భాష ఒక మనిషి తర్వాతి ముప్పై ఏళ్లను ఎంతగా నిర్ణయిస్తుందో అప్పటిదాకా నేను ఆలోచించనే లేదు.

కోర్సులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన తరగతి పటం మీద జరిగింది. అందరి చేతికీ పేర్లు లేని ఆఫ్రికా పటం ఒకటి ఇచ్చి, 2018కి ముందు మన రాయబార కార్యాలయాలు ఎక్కడెక్కడ ఉండేవో గుర్తించమన్నారు. ఒక రాజధానిలో కూర్చున్న రాయబారి పొరుగు దేశాల బాధ్యత కూడా మోయడం మన సేవలో పాత అలవాటు. అక్రాలోని హైకమిషనర్ (కామన్వెల్త్ కూటమి దేశాలు ఒకదానికొకటి పంపుకునే రాయబారికి ఈ పేరు) ఘనాతోపాటు టోగో, బుర్కినా ఫాసో, సియెర్రా లియోన్‌లను చూసేవారు. అబిద్‌జాన్‌లోని రాయబారి ఐవరీ కోస్టుతోపాటు లైబీరియా, గినీలను చూసేవారు. ఈ గీతలన్నీ మా చేత గీయించాక, 2014లో ఎబోలా విజృంభించిన మూడు దేశాలకు రంగు వేయమన్నారు. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్: మూడింటిలోనూ ఆనాడు మన దేశపు స్థానిక రాయబార కార్యాలయం లేదు. హాలు నిశ్శబ్దమైపోయింది. 2018 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆఫ్రికాలో 18 కొత్త కార్యాలయాలు తెరవాలని, ఆ సంఖ్యను 29 నుంచి 47కు పెంచాలని తీసుకున్న నిర్ణయాన్ని నేను ఏటా తరగతిలో ఒక వాక్యంగా చెబుతూ వచ్చాను. ఆ వాక్యం వెనుక ఇంత ఉందని ఆ పటమే చూపించింది. ఆ జాబితాలో ఈ మూడు దేశాలూ ఉన్నాయి. మొదట తెరుచుకున్నది రువాండా రాజధాని కిగాలీలో. పూర్వం బ్రిటిష్ వలస కాకపోయినా అక్కడిది రాయబార కార్యాలయం కాక హైకమిషన్ ఎందుకయిందన్న ప్రశ్నకు, రువాండా 2009లో కామన్వెల్త్‌లో చేరిందన్న జవాబు ఒక విద్యార్థి నుంచే వచ్చింది. అదీ తరగతి నడిచే పద్ధతి.

మరుసటి వారం రాత పని. ఒక కల్పిత సందర్భాన్ని కాగితం మీద ఇచ్చారు. పలమనేరు దగ్గరి పల్లెకు చెందిన ఒక యువకుడు బోరు బండి మీద పనికోసం లెసోతో వెళ్లాడు. యజమాని అతని పాస్‌పోర్టు తీసి పెట్టుకున్నాడు, జీతం ఇవ్వడం లేదు. ఊళ్లో తల్లి ఎవరిచేతనో అర్జీ రాయించి పంపింది. లెసోతోలో మన కార్యాలయం లేదు. దక్షిణాఫ్రికా రాజధాని ప్రిటోరియాలోని హైకమిషనే ఆ దేశాన్నీ చూస్తుంది. ప్రిటోరియాలో సెకండ్ సెక్రటరీగా మిమ్మల్ని ఊహించుకొని, ఢిల్లీకి అర పుట నివేదికా, ఆ తల్లికి తెలుగులో ఒక ఉత్తరమూ రాయండి అన్నారు. తిరుచెంగోడు బోరు బండ్లు మన పల్లెల దాకా వచ్చి, ఇక్కడి కుర్రవాళ్లను వెంట తీసుకుపోవడం చూసినవాళ్లమే కనుక, ఆ కథ మాలో ఎవరికీ పరాయిగా అనిపించలేదు.

ఆయన మా కాగితాలను దిద్దిన తీరు ఇక్కడ చెప్పి తీరాలి. ఎర్ర కలంతో విశేషణాలన్నిటినీ కొట్టేశారు. "దారుణమైన పరిస్థితి" అని రాసిన కుర్రవాడితో, "నాయనా, దారుణం అంటే ఢిల్లీలో కూర్చున్నాయనకు ఏం తెలుస్తుంది? ఎన్ని నెలల జీతం రాలేదో రాయి, యజమాని పేరు రాయి, అక్కడి కార్మిక శాఖకు నువ్వు ఏ తేదీన ఫోన్ చేశావో రాయి" అన్నారు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అనీ, దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదనీ, ఆ ఒక్క వాక్యం నివేదికలో మొదటే రావాలనీ చెప్పారు. కష్టంలో ఉన్నవారికి టికెట్టు, బస, న్యాయ సహాయం కోసం 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉందని అక్కడే తెలిసింది. తల్లికి రాసిన ఉత్తరాల్లో పుంగనూరు నుంచి వచ్చే ఒక అమ్మాయిది అందరికన్నా బాగుంది. ఎంతో ఆప్యాయంగా రాసింది. ఆయన మెచ్చుకొని, "అంతా బాగుందమ్మా. కానీ మళ్లీ ఎప్పుడు కబురు చేస్తావో తేదీ వేయలేదు. ఆ తల్లి ఫోన్ పక్కనే కూర్చొని ఉంటుంది" అన్నారు. ఈ ఒక్క సాయంత్రం కోసమైనా ఈ కోర్సుకు కట్టిన రుసుము సార్థకమైందని నేను భావిస్తున్నాను.

చరిత్ర భాగంలో ఆయన పేర్ల వరుస చదివి వదలలేదు. ఇద్దరినే ఎంచుకొని ఇద్దరినీ లోతుగా చెప్పారు. మొదటివారు ఔంధ్ రాజకుటుంబానికి చెందిన అప్పా పంత్. 1948లో నైరోబిలో భారత ప్రభుత్వపు మొదటి కమిషనర్‌గా అడుగుపెట్టిన ఆయన, అక్కడ స్థిరపడిన భారతీయ వర్తకులకు ఆఫ్రికన్లతో కలిసి నడవమని చెప్పారు, ఆఫ్రికన్ విద్యార్థులు మన దేశంలో చదువుకొనేందుకు ఉపకార వేతనాలు ఇప్పించారు, తర్వాత స్వతంత్ర కెన్యాకు నాయకుడైన జోమో కెన్యాటాతో స్నేహం చేశారు. ఆ స్నేహమే వలస ప్రభుత్వానికి కంటగింపై, 1954లో ఆయన తూర్పు ఆఫ్రికాను విడిచి రావలసి వచ్చింది. ఆతిథ్యమిచ్చే ప్రభుత్వంతోనూ, రేపు ఆ దేశాన్ని ఏలబోయే ప్రజలతోనూ ఏకకాలంలో సంబంధం నిలుపుకోవడం ఎంత కష్టమో ఈ ఒక్క జీవితంతో బోధపడింది. రెండోవారు రాజేశ్వర్ దయాళ్. 1960 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ప్రతినిధిగా కాంగో వెళ్లి, ప్రధాని లుముంబా పదవీచ్యుతి, నిర్బంధం, 1961 జనవరిలో జరిగిన హత్య, వీటన్నిటి నడుమ పనిచేసి, అగ్రరాజ్యాలకూ కాంగో పాలకులకూ అప్రియుడై ఆ ఏడాది మే నెలలో తప్పుకొన్న దౌత్యవేత్త ఆయన. వీరిద్దరి ఉదంతాలనూ విజయగాథలుగా మార్చకుండా, ఎక్కడ ఏ తలుపు మూసుకుపోయిందో చెప్పడం నాకు నచ్చింది.

ఈ కోర్సుకు ప్రాణం వంటి ప్రశ్న ఐదో వారంలో వచ్చింది: ఒక అధికారి తన వృత్తి మొత్తాన్ని ఒక ఖండానికి అంకితం చేయవచ్చా? అమెరికా విదేశాంగ శాఖలో 1958 నుంచే ఆఫ్రికా వ్యవహారాలకు ప్రత్యేక విభాగం ఉంది. జానీ కార్సన్ యువకుడిగా పీస్ కోర్ స్వచ్ఛంద సేవకుడై టాంజానియాలో పనిచేసి, తర్వాత ఉగాండా, జింబాబ్వే, కెన్యా దేశాల్లో రాయబారిగా ఉండి, 2009 నుంచి 2013 వరకు ఆ విభాగానికే అధిపతి అయ్యారు. అదే పదవిలో 1981 నుంచి 1989 దాకా ఎనిమిదేళ్లు కొనసాగిన చెస్టర్ క్రాకర్ ఉదాహరణ మీద తరగతి ఎక్కువ సేపు నిలిచింది. అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా ప్రతినిధులు 1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో ఒప్పందంపై సంతకాలు చేయడానికీ, దక్షిణాఫ్రికా పాలనలో ఉన్న నమీబియా 1990 మార్చి 21న స్వతంత్రం కావడానికీ వెనుక ఆ ఎనిమిదేళ్ల పట్టుదల ఉంది. అయితే వర్ణవివక్ష ప్రభుత్వం పట్ల ఆయన విధానం మెతకగా ఉందన్న విమర్శ బలమైనదనీ, 1986లో అమెరికా కాంగ్రెసు అధ్యక్షుడు రీగన్ వీటోను కాదని దక్షిణాఫ్రికాపై ఆంక్షల చట్టం చేసిందనీ కూడా మా బోధకుడు దాచకుండా చెప్పారు. ఒకే చోట ఎక్కువ కాలం ఉన్నవాడికి ఆ చోటు పాలకుల కళ్లతో లోకాన్ని చూసే ప్రమాదం ఉంటుందన్నది బోధకుడి హెచ్చరిక.

మన సేవలో ఇలాంటి కొనసాగింపు అరుదు. అధికారుల సంఖ్యే సుమారు వెయ్యి. ఆఫ్రికాలోని అనేక రాజధానులు కష్టతరమైన స్థానాల కింద లెక్క కనుక, అక్కడ తక్కువ కాలం ఉంచి, తర్వాత ఐరోపాకో మరోచోటికో పంపడం ఆనవాయితీ. అధికారి మీద దయతో ఏర్పడిన ఈ పద్ధతి వల్ల, ఒక దేశంలో మంత్రులు, పత్రికల సంపాదకులు, వర్తక సంఘాలవారు ముఖపరిచయమయ్యే సమయానికి ఆ అధికారి పెట్టె సర్దుకోవలసి వస్తుంది. ఈ విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది. 2008, 2011, 2015 సంవత్సరాల్లో మనం ఆఫ్రికాతో శిఖరాగ్ర సమావేశాలు జరిపాం. 2015లో వెయ్యి కోట్ల డాలర్ల రాయితీ రుణాన్నీ, 50,000 ఉపకార వేతనాలనూ ప్రకటించాం. 2023 సెప్టెంబరులో ఢిల్లీ సమావేశంలోనే ఆఫ్రికన్ యూనియన్ జీ-20లో శాశ్వత సభ్యత్వం పొందింది. ఇంత చేసిన దేశం, ఆ ఖండాన్నే తమ వృత్తిగా ఎంచుకునే అధికారులను తయారుచేసుకోకపోవడం తీరని కొరత. విశ్వవిద్యాలయాల సంగతి కూడా అంతే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన శాఖ 1955 నుంచి ఉంది. మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాలకు కేంద్రం ఉంది; ఆఫ్రికా చదవాలనుకున్న తిరుపతి విద్యార్థి మాత్రం రైలెక్కవలసిందే.

ఆరో వారంలో సూడాన్ తరలింపు మీద జరిగిన తరగతి ఉత్కంఠగా సాగింది. 2023 ఏప్రిల్‌లో ఖార్టూమ్ విమానాశ్రయం యుద్ధరంగమైనప్పుడు, మనవాళ్లను బస్సుల్లో ఎర్ర సముద్ర తీరాన ఉన్న పోర్ట్ సూడాన్‌కు చేర్చి, అక్కడి నుంచి నౌకల్లో, విమానాల్లో సౌదీ అరేబియాలోని జెడ్డాకు తరలించిన ఆపరేషన్ కావేరిని ఆయన డీజిల్, బస్సు డ్రైవర్లు, తనిఖీ కేంద్రాలు, ఫోన్ సిగ్నల్ అనే నాలుగు సమస్యలుగా విడదీసి చెప్పారు. వాది సయ్యద్నా అనే చిన్న రన్‌వేపై రాత్రివేళ దీపాలు లేకుండా వాయుసేన విమానం దిగి 121 మందిని తీసుకువచ్చిన ఘట్టం పత్రికల్లో వచ్చిందే. కానీ ఆ 121 మందిని ఆ రన్‌వే దగ్గరికి చేర్చడం గురించి ఆయన వేసిన ప్రశ్నలకు మా దగ్గర జవాబులు లేవు. ఆర్థిక దౌత్యం మీద తరగతి కొంచెం తొందరగా ముగిసింది. 2001లో సిప్లా సంస్థ ఎయిడ్స్ మందులను ఏడాదికి 350 డాలర్ల ధరకు ఇస్తామని ప్రకటించడం ఆఫ్రికాలో మన దేశానికి తెచ్చిన గౌరవాన్ని చక్కగా చెప్పారు. అక్రాలో సచివాలయం ఉన్న ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం గురించి మాత్రం ఒక పావుగంట మించలేదు. మామిడి గుజ్జు, గ్రానైటు ఎగుమతి చేసే చిత్తూరు జిల్లా పిల్లలకు ఆ పావుగంట సరిపోదు.

లోపాల్లో మొదటిది ఫ్రెంచి మాట్లాడే పశ్చిమ ఆఫ్రికాకు దక్కిన స్థలం. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక పాలకులు 2023లో సహేల్ కూటమిగా ఏర్పడి, 2025 జనవరిలో పశ్చిమ ఆఫ్రికా ఆర్థిక సమాజం నుంచి వైదొలగారు. నేటి ఆఫ్రికాలో ఇంతకన్నా పెద్ద మార్పు తక్కువ. కోర్సులో దీనికి దక్కింది ఒక తరగతిలో సగం. బోధకుని అనుభవం తూర్పు, దక్షిణ ఆఫ్రికాల్లోనిది కావడం వల్ల ఇలా జరిగిందని అర్థమవుతుంది. కేంద్రంవారు ఇంకొకరిని పిలిపించి ఆ వెలితి పూడ్చాలి.

రెండోది పఠన సామగ్రి. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. యూపీఎస్సీ మెయిన్స్ తెలుగులో రాసే అవకాశం ఉన్నప్పుడు, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు తరగతిలో ఉత్సాహంగా విని, ఇంటికి వెళ్లాక ఆ కాగితాల ముందు తడబడుతున్నారు. బోధకుడు మాట్లాడే తెలుగు ఎంతో బాగుంటుంది. ఆ మాటలనే రాయించి ఇవ్వడం పెద్ద పని కాదు.

నన్ను బాధపెట్టిన లోపం మూడోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని దర్బన్ చేరింది. అది మొదలు, ఆ రేవు చుట్టూ ఉన్న నేటాల్ ప్రాంతపు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారిలో ఉత్తర ఆర్కాటు జనం చాలామంది ఉన్నారు. వారి వారసులైన తెలుగువారు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల జరుగుతున్న వివక్షను మన దేశం 1946లో ఐక్యరాజ్యసమితి ముందుకు తీసుకువెళ్లిందన్న పాఠం ఈ కోర్సులో ఉంది. ఆ భారతీయుల్లో మన తాలూకాలవారు ఉన్నారన్న మాట లేదు. తిరుపతిలో కూర్చొని ఆఫ్రికా గురించి చెప్పే పాఠం ఇక్కడి నుంచి మొదలుకావాలని నా కోరిక. ఈ సంగతి రాతపూర్వకంగా కేంద్రానికి ఇచ్చాను. వచ్చే బ్యాచ్‌లో చేరుస్తామన్నారు.

రుసుము ఆరు వేల రూపాయలు. రెండు వాయిదాల్లో కట్టవచ్చు. ప్రిలిమ్స్‌కు బిట్లు కావాలనుకునేవారికి ఈ కోర్సు పనికిరాదు, ఆ సమయం వేరే చోట పెట్టడం మంచిది. మెయిన్స్ రాసేవారికి, ఇంటర్వ్యూలో విదేశాంగ సేవను మొదటి ఎంపికగా చెప్పబోయేవారికి, నావంటి ఉపాధ్యాయులకు ఇది తప్పక ఉపయోగపడుతుంది. పటం తరగతి, నివేదిక రాసే తరగతి ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక, ఏ కారణం చేతనైనా కొన్ని రోజులు రాలేమనుకునేవారు ఆ రెండు వారాలు మాత్రం వదులుకోకుండా చూసుకోవాలి. వాటికి రికార్డింగులు ఇవ్వరు.